స్నానాల గదిలో సాకెట్ ఎక్కడ అమర్చాలి?

మీ ఇంట్లో గీజరు ఉందా? లేక బకెట్లో హీటరు రాడ్డు పెట్టి నీళ్లు కాచుకుంటున్నారా? ఏదైనా సరే, తడి చేతితో స్విచ్ వేయవద్దని పెద్దలు చెప్పడం మీరు వినే ఉంటారు. దీనికి కారణం ఏమిటి?

పొడి చర్మం విద్యుత్తును కొంతవరకు నిరోధిస్తుంది. తడిస్తే ఈ నిరోధం బాగా తగ్గిపోతుంది. పైగా స్నానం చేసేటప్పుడు మనం చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడతాం. అప్పుడు 230 వోల్టుల తీగ తగిలితే విద్యుత్తు శరీరం గుండా నేలలోకి ప్రవహిస్తుంది.

"ఎం.సి.బి. ఉంది కదా!" అని మీరు అనవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. గీజరు ఎం.సి.బి. 16 ఆంపియర్లది అనుకోండి. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. 100 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ప్రవహిస్తే చాలు, గుండె ఆగిపోవచ్చు. ఇంత చిన్న ప్రవాహాన్ని ఎం.సి.బి. గుర్తించదు. అది కాపాడేది తీగలను. మనిషి కోసం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కావాలి. ఫేజు తీగలో వెళ్లిన విద్యుత్తు అంతా న్యూట్రల్ తీగలో తిరిగి రాకపోతే ఇది వెంటనే సరఫరాను ఆపుతుంది. దాని మీది పరీక్ష బొత్తాన్ని అప్పుడప్పుడు నొక్కి చూడండి.

షవరు నుంచి 1.2 మీటర్ల లోపు, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకు సాకెట్ పెట్టరాదు. స్విచ్ గది బయట ఉంటే మంచిది. సాకెట్‌కు పెద్ద రంధ్రం కనబడినంత మాత్రాన ఎర్తింగ్ ఉందనుకోవద్దు. వెనుక ఆకుపచ్చ తీగ కలిపి ఉందో లేదో, ఆ తీగ భూమి దాకా చేరుతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రాడ్డు వాడేవారు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లలో చేయి పెట్టాలి.