భృతి తీసుకున్న వలసదారు మళ్లీ పనికి వెళ్లడా?

అపోహ: సర్కారు భృతికి అలవాటుపడ్డ వలసదారు ఇక పనిలోకి వెళ్లడు.

2015లో సిరియా, అఫ్గానిస్థాన్, ఇరాక్‌ల నుంచి లక్షల మంది జర్మనీ చేరినప్పటి నుంచీ ఈ మాట అంటూనే ఉన్నారు. మొదట్లో వాళ్లలో దాదాపు అందరూ ప్రభుత్వ సాయం మీదే బతికిన మాట నిజమే. మరో దారేదీ? శరణు కోరి వచ్చినవారిని మొదటి మూడు నెలలు చట్టమే పని చేయనివ్వదు. శిబిరంలో ఉంటే ఆ గడువు ఇంకా పెరుగుతుంది. పని చేయొద్దని కట్టడి చేసి, పని చేయడం లేదని నిందించడం అన్యాయం.

ఆ తర్వాత ఏమైందో న్యూరెంబర్గ్‌లోని ఉపాధి పరిశోధన సంస్థ ఐఏబీ లెక్కలు చెబుతున్నాయి. 2015లో వచ్చినవారిలో 2024 నాటికి 64 శాతం మంది ఉద్యోగాల్లో ఉన్నారు. దేశ జనాభా మొత్తానికి ఆ లెక్క 70 శాతం. మగవాళ్లను మాత్రమే చూస్తే 76 శాతం. దేశంలోని మగవాళ్ల సగటు కన్నా ఎక్కువే.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇది 35 శాతమే. సొంత దేశంలో ఉద్యోగం చేసినవారిలో చాలామంది బడుల్లోనో, ఆసుపత్రుల్లోనో పనిచేసినవారు. జర్మనీలో ఆ కొలువులకు భాష బాగా రావాలి, పాత సర్టిఫికెట్లకు అక్కడి గుర్తింపు కావాలి. ఇంట్లో చంటిబిడ్డ ఉండి, కిండర్‌గార్టెన్‌లో చోటు దొరక్కపోతే భాషా తరగతికే వెళ్లలేరు. నా దృష్టిలో ఇక్కడ తప్పు భృతిది కాదు, తెరుచుకోని తలుపులది.

అపోహ: భృతి కోసేస్తే దారికొస్తారు.

డెన్మార్క్ ఈ పని చేసి చూసింది. 2002 జులై నుంచి కొత్తగా ఆశ్రయం పొందినవారికి భృతి బాగా తగ్గించింది. ఆర్థికవేత్త క్రిస్టియన్ డస్ట్‌మన్, ఆయన సహచరులు ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. మొదట ఉపాధి పెరిగింది, కొన్నేళ్లకు ఆ పెరుగుదల కరిగిపోయింది. ఆడవాళ్లు ఉద్యోగాల వేటకే దూరమయ్యారు. దొంగతనాలు పెరిగాయి. ఆకలికి తాళలేక దొరికిన పనిలో చేరడం వేరు, నిలదొక్కుకునే పని సంపాదించడం వేరు. రెండోదానికి భాష నేర్చుకునే వ్యవధి కావాలి. వలసదారుల కోసం జర్మనీ నడిపే ఏకీకరణ కోర్సులో భాషకే మామూలుగా 600 పీరియడ్లు ఉంటాయి.

అపోహ: భృతి అందుకునేవారంతా ఖాళీగా కూర్చున్నవారే.

కాదు. జీతం చాలక, లోటు పూడ్చుకోవడానికి సాయం తీసుకుంటూనే పనిచేసేవారు జర్మనీలో లక్షల్లో ఉన్నారు.

అపోహ: ఉద్యోగం పోయినప్పుడు నిరుద్యోగ భృతి తీసుకుంటే వీసాకు ముప్పు.

ఇది జర్మనీలోని తెలుగువాళ్లకు సూటిగా తగిలే విషయం. ఈ భయంతో హక్కును వదులుకోవద్దు. గత 30 నెలల్లో కనీసం 12 నెలలు బీమా చందా కట్టినవారికి మామూలుగా వచ్చే ఈ భృతి, నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. చందా కట్టి సంపాదించుకున్నది కాబట్టి నివాస చట్టం దీన్ని ప్రభుత్వం మీద ఆధారపడటంగా లెక్కించదు. కనీస అవసరాల కోసం ఇచ్చే సాయం అలా కాదు, అది నివాస అనుమతి మీద ప్రభావం చూపవచ్చు. భృతి తీసుకున్నా, తీసుకోకపోయినా ఉద్యోగం పోయిన సంగతి విదేశీయుల కార్యాలయానికి తెలపాలి. తొలగింపు నోటీసు అందగానే ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి; ఆలస్యం చేస్తే వారం రోజుల భృతి కోల్పోవచ్చు.