తక్కువ ఖర్చుతో అండమాను దీవులు

నందికొట్కూరు ప్రాంతమువారికి జలమనగా కర్నూలు–కడప కాలువ, శ్రీశైలము జలాశయపు వెనుక నీరు. సముద్రము మనకు పొరుగు కాదు. కావుననే సముద్రము నడుమ దీవిలో నాలుగు దినములు గడుపవలెనను కోరిక మన పిల్లలకు, పెద్దలకు కూడ కలుగుట సహజము. అయితే ఆ కోరిక వెంట అప్పు బయలుదేరరాదు. నగలు తాకట్టుపెట్టి చేసిన విహారము నాలుగు దినములలో ముగియును. దాని వడ్డీ మాత్రము నాలుగు పంటల వరకు ముగియదు. మితవ్యయముతో అండమాను యాత్ర ఎట్లు చేయవచ్చునో ఇచట విచారింతము.

మొదట ఖర్చు స్వభావమును గ్రహింపవలెను. ఇట్టి యాత్రలో ఖర్చు రెండు విధములు. ఒకటి తలసరి ఖర్చు. అనగా విమానపు టిక్కెట్టు, ఓడ టిక్కెట్టు, దీవి నుండి దీవికి పోవు పడవ టిక్కెట్టు. నలుగురు వెళ్ళినచో ఇది నాలుగింతలగును. రెండవది దినసరి ఖర్చు. అనగా గది అద్దె, ఊరిలో తిరుగుటకగు బస్సు లేక ఆటో బాడుగ. గది ఒక్కటే కనుక, నలుగురున్నను దాని అద్దె నాలుగింతలు కాదు. సామాన్యముగా మనవారు గది అద్దెలో నూరు రూపాయలు తగ్గించుటకు గంటసేపు బేరమాడుదురు. టిక్కెట్టు తేదీని మాత్రము బేరము లేకనే నిర్ణయింతురు. నిజమైన పొదుపు తలసరి ఖర్చులోనే కలదు. అది ఇల్లు కదలకముందే చేయవలసిన పొదుపు.

ఆ పొదుపునకు మొదటి మెట్టు కాలనిర్ణయము. డిసెంబరు, జనవరి నెలలలో దేశము నలుమూలల నుండి యాత్రికులు అచటికి చేరుదురు. సంక్రాంతి సెలవులు కూడ ఆ రద్దీలోనే పడును. అప్పుడు విమానపు ధర, గది అద్దె రెండును పెరుగును. అండమానులో సాలుకు సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము కురియును. నైరృతి ఋతుపవనము మన దేశమున మొట్టమొదట తాకునది ఆ దీవులనే. అది సాధారణముగా మే నెల మూడవ వారము. ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు సముద్రము ప్రశాంతముగా నుండును. బడి పిల్లలు లేని కుటుంబమునకు, యాసంగి పనులు తీరిన రైతునకు, ఇదియే మంచి అదను. బడి పిల్లలున్నవారికి వేసవి సెలవులు మొదలైన తొలి దినములు, అనగా ఏప్రిలు చివర, మే మొదటి వారము తగియుండును. ఎండ హెచ్చే గాని, ఎండకు మన సీమవారు క్రొత్తవారు కారు. అయితే మే నెలలో బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుట కలదు. బయలుదేరుటకు ముందు రేడియోలో వాతావరణ సూచనలు వినుట మానరాదు.

రెండవ మెట్టు మార్గనిర్ణయము. పోర్ట్‌బ్లేయరునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. ఈ నగరము చెన్నైకి సుమారు 1190 కిలోమీటర్లు, విశాఖపట్నమునకు సుమారు 1200 కిలోమీటర్ల దూరమున నున్నది. చెన్నై నుండి విమానములో రెండు గంటలకు పైబడును. ఓడలో రమారమి మూడు దినములు పట్టును. ఓడలు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నముల నుండి పోవును. ఓడలో బంకు తరగతి ధర సామాన్యముగా విమానపు ధరకంటె చాల తక్కువ. కాని అది అందరకును లాభము కాదు. రాకపోకలకు ఆరు దినములు పోవును. ఆ దినములలో భోజనపు ఖర్చుండును. కూలి నాలి చేసికొనువారికి ఆ దినముల సంపాదన పోవును. ఓడలు దినమునకొకటి బయలుదేరునవి కావు. తేదీలు మారుటయు కలదు. కావున తీరిక గలవారికి ఓడ చవుక; సెలవు లెక్కించుకొను ఉద్యోగికి విమానమే చవుక. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీలో అండమానునకు ప్రత్యేకమైన సడలింపులు ఇచ్చుచు వచ్చిరి. అట్టివారు ముందుగా తమ కార్యాలయమున విచారించవలెను.

విమానపు ధరలను పోల్చునపుడు ఇంటి గడప నుండి లెక్క వేయవలెను. నందికొట్కూరు నుండి కర్నూలు సుమారు 30 కిలోమీటర్లు. అచట నుండి హైదరాబాదు పోవు రహదారి మీదనే శంషాబాదు తగులును. విమానాశ్రయము దానికి చేరువనే. నగరములోనికి పోనక్కరలేదు, రాత్రి బస అక్కరలేదు. చెన్నై విమానపు ధర కొంత తక్కువగా కనబడినను, అచటికి రైలు ఖర్చు, ఒక పూట బస చేర్చిన పిమ్మట ఏది తక్కువయో తేలును.

మూడవ మెట్టు దీవుల సంఖ్య. అండమాన్ నికోబార్ సముదాయమున చిన్నవి పెద్దవి కలిపి 836 దీవులు, రాతి దిబ్బలు కలవు. జనులు నివసించునవి ముప్పదికి అటునిటు మాత్రమే. నికోబారు దీవులకు విహారయాత్రికులను అనుమతింపరు. తక్కిన వానిలో అన్నియు చూడవలెననుకొనుటయే ఖర్చునకు మూలము. దీవి మారినపుడెల్ల నలుగురికి నాలుగు టిక్కెట్లు, రేవునకు బాడుగ, ఒక పూట కాలము. దీవి మారుటకంటె, ఉన్న దీవిలో ఒక దినము అదనముగా నుండుట చవుక. మా అభిప్రాయమున మొదటిసారి పోవు కుటుంబమునకు పోర్ట్‌బ్లేయరు కాక మరి ఒక్క దీవి చాలును. హేవలాకు, నీల్ అను దీవులకు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీపము, షహీద్ ద్వీపమని పేర్లు పెట్టిరి. టిక్కెట్టు కొనునపుడు ఈ పేర్ల విషయమున పొరబడరాదు. స్వరాజ్ ద్వీపములోని రాధానగర్ సముద్రతీరము ప్రసిద్ధమైనది. షహీద్ ద్వీపము కూరగాయల పంటకు పేరొందినది. మన రైతు కుటుంబములు చూడదగినది. ఈ దీవులకు ప్రభుత్వపు పడవలును, ప్రైవేటు వేగ నౌకలును పోవును. ప్రభుత్వపు పడవ కొంత ఆలస్యముగా చేరును గాని ధర తక్కువ. టిక్కెట్లు త్వరగా చెల్లిపోవును కనుక ముందే కొనవలెను. తిరుగు ప్రయాణమునకు ముందటి రాత్రి తప్పక పోర్ట్‌బ్లేయరులోనే బస చేయవలెను. గాలివాన వచ్చి పడవ ఆగినచో విమానము మనకై ఆగదు. నలుగురి టిక్కెట్లు వృథా యగును.

అచట ప్రొద్దు లెక్క వేరు. భారత కాలమానము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచును. పోర్ట్‌బ్లేయరు దానికి పది డిగ్రీలు తూర్పున, నందికొట్కూరు నాలుగు డిగ్రీలు పడమట నున్నవి. ఒక డిగ్రీకి నాలుగు నిముషముల చొప్పున మనకును వారికిని దాదాపు ఒక గంట భేదము. గడియారము మాత్రము ఒక్కటే. మే నెలలో అచట ఐదు గంటలకే తెల్లవారును. డిసెంబరులో సాయంత్రము ఐదింటికే ప్రొద్దు గ్రుంకును. ఎనిమిదింటికి లేచువారు అద్దె చెల్లించిన దినములో మూడు గంటల వెలుతురును పోగొట్టుకొనుచున్నారన్నమాట.

బస విషయమున మాల్దీవుల అనుభవము గమనింపదగినది. అచట చాలకాలము విదేశీయులు ప్రత్యేక విహార దీవులలోనే బస చేయవలసి యుండెను. 2009 ప్రాంతమున స్థానికులు నివసించు దీవులలో అతిథి గృహములకు అనుమతి లభించిన పిమ్మట సామాన్యులకు కూడ ఆ యాత్ర అందుబాటులోనికి వచ్చెను. అండమానులోను అంతే. సముద్రపుటొడ్డు హోటలుకంటె బజారు చేరువ లాడ్జి మేలు. అచట నుండి వండూరు, చిడియా టాపు మొదలగు చోట్లకు బస్సులున్నవి. పలుకరించుటకు మన భాషయే చాలును. 2011 జనాభా లెక్కలలో అచట నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్నము తీరముల నుండి వలస పోయిన కుటుంబములవారు. ఏ హోటలులో భోజనము చవుకయో, ఏ పడవ ఎన్నింటికో వారి నడిగినచో ఏజెంటు అవసరముండదు. పొట్లములలో అమ్ము తినుబండారములు పెక్కు ఓడలో రావలసినవే కనుక ప్రియము. చేపలు, కొబ్బరికాయలు, అరటిపండ్లు అచటివే. మురుకులు, వేరుశెనగ పొడి, ఊరగాయ ఇంటి నుండియే తీసికొనిపోవుట తెలివి; ఊరగాయ జాడీని చేతి సంచిలో గాక, విమానములో అప్పగించు పెట్టెలో ఉంచవలెను.

స్వల్ప రుసుముతో చూడదగినవానిలో సెల్యులర్ జైలు ముఖ్యమైనది. 1896 మొదలు 1906 వరకు కట్టిన ఆ చెరసాలకు ఏడు శాఖలుండెను. నేడు మూడు మాత్రమే మిగిలినవి. 1979లో దానిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యపు తిరుగుబాటులో పట్టుబడినవారు కొందరు అచట శిక్ష ననుభవించిరి. పిల్లలకు ఈ సంగతి చెప్పి చూపిన ఆ పూట, ఏ వినోదమునకును తీసిపోదు.

ఇక పొదుపు చేయరాని తావులు కలవు. 2014 జనవరి 26వ తేదీన పరిమితికి మించి జనము నెక్కించుకొన్న ఒక విహార పడవ పోర్ట్‌బ్లేయరు చేరువ మునిగి 20 మందికి పైగా మరణించిరి. కావున అనుమతి లేని పడవ ఎంత చవుకైనను ఎక్కరాదు. లైఫ్ జాకెట్టు తొడుగనిదే పడవ కదలనీయరాదు. మందుల విషయమునను పిసినారితనము పనికిరాదు. పగడములను ఏరి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. చవుకగా దొరికినదని కొన్న వస్తువు జరిమానాతో ముగియవచ్చును. జారవాల అడవి గుండా పోవు దారిలో వారి ఛాయాచిత్రములు తీయుట, వారికి తినుబండారములు ఇచ్చుట కూడ నిషిద్ధము.

చివరి మాట. యాత్రకు ఏడాది ముందు పై ఖర్చులను తలసరి, దినసరి అని రెండు వరుసలుగా కాగితముపై వ్రాసి, మొత్తమును పండ్రెండుతో భాగించి, నెల నెల బ్యాంకులో రికరింగు డిపాజిట్టుగా వేయవలెను. ఆ నెలసరి మొత్తము ఇంటికి భారమని తోచినచో, ఒక దీవిని తగ్గింపవలెను, లేదా యాత్రను మరుసటి ఏటికి వాయిదా వేయవలెను. దీవులు ఎచటికిని పోవు. అప్పు లేక తిరిగి వచ్చిన ఇంటిలో యాత్రా విశేషములు చెప్పుకొనుట కూడ హాయిగా నుండును.