నిచ్చెనకు గంట కడితే... పేటెంటు ఇస్తారా?

జారబోతున్న నిచ్చెన ముందే 'కుయ్' మని అరిస్తే ఎంతమంది నడుములు దక్కుతాయో! అలాంటిది తయారుచేయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. 'ఇది నాది' అని చట్టం ముందు నిలబడి చెప్పుకోవడమే కష్టం. ఎందుకంటే...

పండగ దగ్గరపడిందంటే చాలు, వీధికో ఇల్లు కొత్త రంగు పూసుకుంటుంది. గోడకి ఆనించిన పొడవాటి నిచ్చెన. పైన రంగులేసే మనిషికి ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు. నిచ్చెన పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకే కింద ఒక కుర్రాడుంటాడు. నిచ్చెన కాళ్లకి తన కాలు అడ్డంపెట్టి నిలబడటమే వాడి పని.

"ఒరేయ్, పట్టుకున్నావా?"

"ఆఁ... పట్టుకున్నా బాబాయ్, నువ్వు కానీ!"

ఈ జవాబు ఫోన్లోంచి తల ఎత్తకుండానే వస్తుంది. ఇంతలో మేస్త్రీ కేకేసి టీ తెమ్మంటాడు. కుర్రాడు వెళ్లిపోతాడు. పైనున్నాయనకి ఆ సంగతి తెలీదు.

సరిగ్గా ఆ పది నిమిషాల కోసమే ప్రపంచంలో చాలామంది బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నారు. జారిపడటం, ఎత్తునుంచి పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అన్నీ నిచ్చెన మీంచి పడ్డవి కావు, నిజమే. కానీ నిచ్చెన మీద ప్రమాదం ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. మరీ నిటారుగా వేస్తే మనిషి వెనక్కి పడతాడు. మరీ ఏటవాలుగా వేస్తే కాళ్లు జారతాయి. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు ఎడం ఉండాలన్నది లెక్క. అంటే గోడమీద పన్నెండడుగుల ఎత్తున ఆనితే, కింద కాళ్లు గోడకి మూడడుగుల దూరంలో ఉండాలి. కోణంలో చెప్పాలంటే సుమారు 75 డిగ్రీలు.

ఈ కోణాన్ని కొలిచే చిన్న సెన్సర్ మన సెల్‌ఫోన్లోనే ఉంది. ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ అడ్డంగా తిరిగేది దాని పుణ్యమే. విడిగా కొనాలన్నా కొన్ని వందల రూపాయలు చాలు. నిచ్చెన కాళ్లకింద బరువు కొలిచే సెన్సర్లు రెండు, ఓ చిన్న బ్యాటరీ, ఓ గంట... ఇంకేం, పరికరం తయార్! మరి దీనికి పేటెంటు వస్తుందా?

పెడల్ మీద పెద్ద గొడవ

ఈ ప్రశ్నకి జవాబు ఓ కారు పెడల్ దగ్గర దొరుకుతుంది. కారు నడిపేవాళ్లందరి కాళ్లూ ఒకే పొడవుండవు కదా. పొట్టివాళ్ల కోసం ముందుకీ వెనక్కీ జరుపుకునే యాక్సిలరేటర్ పెడళ్లు ఎప్పుడో వచ్చాయి. ఆ తర్వాత కార్లలో కంప్యూటర్లు చేరాయి. పెడల్ ఎంత నొక్కామో ఇంజిన్‌కి చెప్పడానికి తీగ లాగే పద్ధతి పోయి ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాయి. జరిపే పెడల్‌కి, కదలని ఇరుసు దగ్గర సెన్సర్ బిగించే ఏర్పాటు ఒకదానికి అమెరికాలో 2001లో పేటెంటు వచ్చింది. దాని హక్కులు టెలిఫ్లెక్స్ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. కెనడాకు చెందిన కేఎస్ఆర్ అనే కంపెనీ కూడా తన పెడళ్లకి సెన్సర్ తగిలించి జనరల్ మోటార్స్‌కి అమ్మడం మొదలుపెట్టింది. 2002లో టెలిఫ్లెక్స్ కోర్టుకెక్కింది.

కింది కోర్టు 'అసలీ పేటెంటే చెల్లదు' అంది. పై కోర్టు 2005లో దాన్ని తిరగేసింది. 'ఈ రెండిటినీ కలపమని అంతకుముందు ఎవరైనా చెప్పారా? చూపించండి' అన్నది ఆ కోర్టు ధోరణి. చివరికి 2007 ఏప్రిల్ 30న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్క మాటమీద నిలబడి తీర్పిచ్చారు. పెడల్ పాతదే, సెన్సర్ పాతదే. కదలని చోట సెన్సర్ పెడితే తీగలు ఒరుసుకుపోవన్న సంగతీ పాతదే. కార్లు ఎలక్ట్రానిక్ బాట పడుతున్నప్పుడు ఆ పనిలో అనుభవమున్న ఏ ఇంజినీరైనా చేసేదే ఇది... అని పేటెంటు కొట్టేశారు. మామూలు పనిమంతుడికి కూడా కాస్త సొంత బుర్ర ఉంటుందని, అతను మరమనిషి కాదని ఆ తీర్పు సారాంశం.

ఇప్పుడు పెడల్ తీసేసి అక్కడ నిచ్చెన పెట్టి చూడండి. నిచ్చెన ఎంత పాతదో చెప్పక్కర్లేదు. మడతపెట్టే నిచ్చెనకే అమెరికాలో 1862లో పేటెంటిచ్చారు. సెన్సర్ పాతది. ఇక కోణం కొలిచి హెచ్చరించడం అంటారా, అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత పరిశోధన సంస్థ 'నియోష్' 2013లోనే ఒక యాప్ విడుదల చేసింది. ఫోనుని నిచ్చెనకి ఆనిస్తే కోణం సరిగా ఉందో లేదో బొమ్మతో, శబ్దంతో, వైబ్రేషన్‌తో చెబుతుంది. కాబట్టి 'నిచ్చెన, దానికో సెన్సర్, కోణం తప్పితే మోగే గంట' అని దరఖాస్తు రాసుకుని వెళ్తే పేటెంటు పరిశీలకుడు చేసే మొదటి పని, ఆ యాప్ కాగితాలు ముందు పెట్టడం.

మీర్జాపూర్ గిన్నెల కథ

మనదేశంలో ఇంకాస్త గట్టిగానే ఉంది. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) అని ఒకటుంది. తెలిసిన వస్తువుల్ని పక్కపక్కన చేర్చినంత మాత్రాన, దేనిపని అది విడిగా పాత పద్ధతిలోనే చేసుకుపోతుంటే అది ఆవిష్కరణ కాదు. నిచ్చెన నిచ్చెన పని చేస్తోంది, సెన్సర్ సెన్సర్ పని చేస్తోంది, గంట గంట పని చేస్తోంది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు తప్ప కాపురం కలవలేదన్నమాట!

'ప్రాణాలు కాపాడే వస్తువు కదా, కాస్త చూసీచూడనట్టు పోరా?' అనిపిస్తుంది. పోరు. దీనికి మన సుప్రీంకోర్టు తీర్పే సాక్ష్యం. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసే కార్ఖానాలున్నాయి. పాత్రని యంత్రానికి తగిలించి గిరగిరా తిప్పుతూ నునుపు చేస్తారు. పాత పద్ధతిలో అవి ఒక్కోసారి ఊడి ఎగిరిపోయేవి. పనివాళ్లకి ప్రమాదం. అవి ఊడకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఒకటి కనిపెట్టి, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ దానిమీద పేటెంటు పొందింది. అదే ఊళ్లోని బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థతో తగాదా పడి సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1978 డిసెంబరులో కోర్టు తేల్చిచెప్పింది... ఇది కార్ఖానాలో పనివాడు రోజూ చేసుకునే సర్దుబాటు లాంటిదే, అంతకుమించిన ఆవిష్కరణ దశ ఇందులో లేదు, పేటెంటు చెల్లదు అని. పనివాళ్ల భద్రత కోసం పుట్టిందే అయినా అది దాన్ని నిలబెట్టలేదు. మేలు వేరు, కొత్తదనం వేరు. ఇప్పటికీ మన పేటెంటు ఆఫీసుల్లో 'ఆవిష్కరణ దశ' గురించి వాదన వస్తే ఈ గిన్నెల కేసు గుర్తుచేయకుండా ఉండరు.

ఇంకో గండం సెక్షన్ 3(కె). కంప్యూటర్ ప్రోగ్రామ్ కేవలం ప్రోగ్రామ్‌గా, లెక్కల పద్ధతి, వ్యాపార పద్ధతి... వీటికి పేటెంటు లేదు. సెన్సర్ పరికరంలో సగం ప్రాణం సాఫ్ట్‌వేరే కాబట్టి ఇదీ అడ్డొస్తుంది. అయితే 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఫెరీద్ అలానీ కేసులో కాస్త తలుపు తెరిచింది. ప్రోగ్రామ్ ఉందన్న కారణంతోనే తోసిపుచ్చకూడదు, దానివల్ల సాంకేతికంగా ఏదైనా ప్రయోజనం ఒనగూరుతోందా అన్నది చూడాలని చెప్పింది. అంటే సెన్సర్ చెప్పే లెక్కతో నిచ్చెన కాళ్ల పట్టు బిగుసుకునేలా చేస్తే వాదించుకోవడానికి దారి ఉంది. అదే లెక్కతో 'ఎవరు ఎన్నిసార్లు తప్పుగా ఎక్కారు' అని కాంట్రాక్టరు ఫోనుకి చిట్టా పంపి, కూలి కోసే ఏర్పాటు చేస్తే? అది వ్యాపార పద్ధతి కిందికి జారిపోతుంది. జారిపోతే మంచిదేననిపించింది నాకైతే. భద్రత పేరుతో పనివాడిమీద నిఘా పెట్టే ఆలోచనకి ఇరవై ఏళ్ల గుత్తహక్కు కూడానా!

మరి దారే లేదా?

ఉంది. అమెరికాలోనే 2017లో థేల్స్ విజియోనిక్స్ కేసని ఒకటి నడిచింది. యుద్ధవిమానం నడిపే పైలట్ తల ఎటు తిరిగిందో తెలుసుకునే ఏర్పాటు అది. సెన్సర్లు కొత్తవేం కాదు. కానీ ఒకటి హెల్మెట్‌కి, ఇంకొకటి విమానానికి పెట్టి, భూమితో సంబంధం లేకుండా విమానాన్ని బట్టి తల కదలికని లెక్కకట్టారు. కింది కోర్టు ఇది ఉత్త లెక్క అంది. అప్పీలు కోర్టు మాత్రం 'కాదు, సెన్సర్లని ఎవరూ పెట్టని తీరులో పెట్టి తప్పులు తగ్గించారు' అని, ఇలాంటిది పేటెంటు పరిధిలోకి వస్తుందంది. కొత్తదా, తట్టేదేనా అన్న పరీక్షలు ఆ తర్వాత విడిగా ఉంటాయి, అది వేరే సంగతి.

నిచ్చెన దగ్గర అలాంటి చిక్కుముడి ఏమిటి? పని చేసేవాళ్లని అడిగితే తెలుస్తుంది. మనిషి ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నిచ్చెన ఎలాగూ ఊగుతుంది. ప్రతి ఊపుకీ గంట మోగిందనుకోండి, రెండోరోజే బ్యాటరీ పీకి పక్కన పడేస్తారు. మెట్టు ఎక్కినప్పటి ఊపు వేరు, కాలు జారబోయే ముందు కదలిక వేరు. ఈ రెండిటినీ విడదీయగలిగితే? కుడికాలి మీద బరువు తగ్గి ఎడమకాలి మీద పెరుగుతున్న తీరునీ, పట్టెలోని వణుకునీ కలిపి చూసి, జారకముందే కనిపెట్టగలిగితే? అది వట్టి గంట కాదు. అంతవరకూ ఉన్న పరికరాలు తీర్చలేని చిక్కుని తీర్చిందని రాయడానికి అవకాశం ఉంది. రాయడంలోనూ కిటుకుంది. 'నిచ్చెన మీద సెన్సర్' అని విశాలంగా అడిగితే పాతదని కొట్టేస్తారు. 'మూడో మెట్టు కింద, ఎడమ పట్టెకి రెండంగుళాల లోపల' అని ఇరుకుగా అడిగితే పేటెంటు వస్తుంది కానీ, పక్కవాడు నాలుగో మెట్టుకి బిగించి అమ్ముకుంటాడు.

చూపించేశాక...

అసలు ప్రమాదం మాత్రం ఇంకోచోట ఉంది. రంగుల పని చేసే తండ్రి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని, పాలిటెక్నిక్ చదివే కొడుకు పట్టుదలగా ఇలాంటి పరికరం చేశాడనుకుందాం. ముందేం చేస్తాడు? కాలేజీ ఎక్స్‌పోలో పెడతాడు. బహుమతి వస్తుంది. స్నేహితులు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు. పేపర్లో ఫొటో వస్తుంది, మాలాంటివాళ్లమే వేస్తాం. ఆర్నెల్లు పోయాక పేటెంటు సంగతి గుర్తొస్తుంది. అప్పటికి కొత్తదనం పోయింది. అతని పరికరానికి అతని వీడియోనే అడ్డం. పన్నెండు నెలల వెసులుబాటు చట్టంలో ఉంది కానీ, అది కేంద్రప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకీ, పండిత సభల్లో చదివిన పత్రాలకీ, అలాంటి మరికొన్ని సందర్భాలకే. కాలేజీ పందిట్లో పెట్టిన బల్లకి కాదు.

ఎత్తులెక్కే పనులకి మనదగ్గర కొదవా? మోకు మీద ప్రాణం పెట్టి తాడెక్కే గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కేరళలో కన్నూరు జిల్లా చెంబేరి రైతు ఎం.జె.జోసెఫ్ కొబ్బరిచెట్టు ఎక్కే పరికరం చేసి పేటెంటు పొందాడు. ఆలేరు దగ్గర్లోని శారాజీపేటలో, ఆసు పోసే అమ్మ భుజం నొప్పి చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇలాంటివాళ్ల దరఖాస్తులకి గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సాయం చేస్తుంది.

పేటెంటు చేతికొచ్చినా దాన్ని బిగబట్టుకోవాలని లేదు. కార్లలో మనం పెట్టుకునే మూడు కొసల సీటుబెల్టు 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ చేసింది. పేటెంటు తీసుకుని కూడా వోల్వో దాన్ని మిగతా కంపెనీలు వాడుకోవడానికి వదిలేసింది. అయితే వదలాలన్నా ముందు చేతిలో ఉండాలిగా!

అలా ఉంచుకోవాలనుకునే కుర్రాడికి ఖర్చు మరీ అందనిదేం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై పేటెంటు ఆఫీసుకే వెళ్తాయి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకి దరఖాస్తు ఫీజు రూ.1,600. పరికరం పూర్తికాకపోయినా, అదెలా పనిచేస్తుందో వివరంగా రాసి తాత్కాలిక దరఖాస్తు పెట్టుకోవచ్చు. పూర్తి వివరాలివ్వడానికి ఆ రోజునుంచి పన్నెండు నెలల గడువుంటుంది. పరిశీలించమని అడగడానికి మరో రూ.4,000. 2024లో మారిన నిబంధనల ప్రకారం ఆ కోరిక 31 నెలల్లోపు పెట్టుకోవాలి. ఏజెంటుని పెట్టుకుంటే ఆయన ఫీజు వేరే. ఎక్స్‌పో శనివారమైతే శుక్రవారం సాయంత్రానికి ఆ తాత్కాలిక దరఖాస్తు నంబరు చేతిలో ఉండేలా చూసుకోవాలి. అందులో రాసినంత మేరకు, ఆ తర్వాత వీడియో ఎంతమందికి పంపుకున్నా ఫరవాలేదు.