ధాన్యపు ధర పెరిగినచో లాభమెవరికి?

ధాన్యము ధర పెరిగినచో పండించువారికి లాభము, కొని తినువారికి నష్టము అని మనము సాధారణముగా అనుకొందుము. కాని పండించువాడే కొనువాడు కూడ అయినచో? ఖమ్మం మైదానము దాటి భద్రాచలము అడవి అంచునకు పోయినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఇచ్చటి కోయలు, కొండరెడ్లు చాలవరకు వానను నమ్ముకొని జొన్న, సామ, వరి పండింతురు. పేద కుటుంబములలో పంట ఏడాది పొడుగునకు చాలదు. అయినను గింజలు ఇంటికి వచ్చిన వెంటనే కొంత అమ్మక తప్పదు. ఉప్పు, నూనె, బట్టలు కొనవలెను, అప్పు తీర్చవలెను. అందరును ఒకేసారి సంతకు తెచ్చుటచే ధర పడిపోవును.

వానకాలమునకు ఇంటి గింజలు అయిపోవును. పొలము పనికి బలము కావలసిన ఆ నెలలలోనే ధర హెచ్చును. వాగులు పొంగి బండ్లు నడవనిచో దూరపు పల్లెలలో ఇంకను హెచ్చును.

ఒక లెక్క వేసి చూతము. ఈ ధరలు ఉదాహరణకు మాత్రమే. మార్గశిరములో 100 కిలోల జొన్నలు కిలో 20 రూపాయల చొప్పున అమ్మినచో 2,000 రూపాయలు వచ్చును. శ్రావణములో ధర 30 రూపాయలైనచో ఆ సొమ్ముకు సుమారు 67 కిలోలే దొరకును. అనగా తాము పండించిన జొన్నలలో మూడింట ఒక వంతు పోయినది. ధాన్యమే అప్పు తెచ్చుకొన్నచో, తెచ్చినదానికంటె ఎక్కువ కొలిచి ఇయ్యవలసి వచ్చును. తెలంగాణములో ఈ అప్పును ‘నాగు’ అనుచుండిరి.

ఆదాయము తగ్గినకొలది అందులో తిండి ఖర్చు వాటా పెరుగునని జర్మను గణాంకశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఏంగెల్ 1857లో చూపెను. కావుననే ధరల పెరుగుదల పేదవానిని ఎక్కువగా బాధించును.

అమ్మిన ధరకును కొన్న ధరకును నడుమ నున్న దూరమును తగ్గించుటయే దీనికి మందు. అటవీ ఫలసాయమును న్యాయమైన ధరకు కొని, నిత్యావసర సరకులను డిపోలలో అమ్ముటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యపు పథకము వచ్చెను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము చౌకబియ్యమును హక్కుగా చేసెను. అయితే పప్పు, నూనె నేటికిని చాలవరకు సంత ధరకే కొనవలసియున్నది.

దేశమంతటికి చేయు ఏర్పాటులలోను ఈ చిక్కు గలదు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో ఆ నిషేధమును తొలగించెను. ఇట్టి నిషేధము కొనువారికి ఊరట. అమ్ము వేళ రైతుకు ధర తగ్గవచ్చును.

కనుక ధర ఎంత అని మాత్రమే అడుగరాదు. ఆ నెలలో గింజలు ఎవరి యింట నున్నవో కూడ అడుగవలెను. విద్యార్థులు తమ ఊరి సంతలో జొన్నల ధరను నెలకొకసారి వ్రాసికొని, ఏడాది చివర గ్రాఫు గీసినచో ఈ సంగతి తామే చూడగలరు.