చిన్న ట్రాక్టరుకు అదనపు హైడ్రాలిక్‌... అమరికలో మెలకువే ముఖ్యం

గార్లదిన్నె, అనంతపురం జిల్లా: బత్తాయి, దానిమ్మ తోటల సాళ్ల మధ్య సులువుగా తిరగగలగడం చిన్న ట్రాక్టర్ల ప్రత్యేకత. అయితే వీటిలో అనేకం వెనుక లిఫ్టు చేతులతోనే సరిపెడతాయి. పశువుల ఎరువుతో నిండిన ట్రాలీని ఎత్తి కుమ్మరించాలన్నా, తిరగబడే నాగలిని మళ్లించాలన్నా, ముందుభాగాన బకెట్‌ బిగించాలన్నా నూనెను బయటకు తెచ్చే అదనపు మార్గం అవసరమవుతుంది. కొందరు రైతులు దీన్ని ఇంటివద్దనో, ఊళ్లోని వెల్డింగు షాపులోనో అమర్చుకుంటున్నారు. పని అసాధ్యమేమీ కాదు. కానీ ఒక్క పైపు దారి తప్పినా పంపు పగలవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

నూనె నడిచే తీరు

ఇంజిను తిరిగినంతసేపూ గేరు పంపు సంపులోని నూనెను తోడి లిఫ్టుకు పంపుతూనే ఉంటుంది. లీవరు కదపనప్పుడు ఆ నూనె తిరిగి సంపులోకి చేరుతుంది. బరువు ఎదురైనప్పుడే ఒత్తిడి పుడుతుంది. బరువు మితిమీరితే రిలీఫ్‌ వాల్వు తెరుచుకుని పంపును కాపాడుతుంది. చాలా ట్రాక్టర్లలో ఈ వాల్వు లిఫ్టు భాగంలోనే ఉంటుంది. పంపుకు, లిఫ్టుకు నడుమ కొత్త కంట్రోల్‌ వాల్వును చేర్చి దాని లీవరు లాగితే నూనె పాత రిలీఫ్‌ వాల్వు వరకు చేరదు. అందువల్ల కొత్త వాల్వుకు సొంత రిలీఫ్‌ ఉండి తీరాలి. దాని ఒత్తిడి హద్దు కంపెనీ నిర్ణయించిన హద్దును మించరాదు.

దారులు మూడు

పంపు నుంచి వచ్చే పైపు కొత్త వాల్వులోకి ప్రవేశించాలి. వాల్వు నుంచి ఒక పైపు లిఫ్టుకు, మరొకటి నేరుగా సంపుకు వెళ్లాలి. లిఫ్టుకు వెళ్లే మార్గాన్ని ‘పవర్‌ బియాండ్‌’ అంటారు. ఈ ఏర్పాటు లేని వాల్వును చౌకగా కొని, సంపుకు పోవలసిన పైపునే లిఫ్టుకు తగిలించడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు లిఫ్టు ఎత్తిన ప్రతిసారీ ఒత్తిడంతా వాల్వు వెనుక భాగంపై పడుతుంది. సీళ్లు చిట్లుతాయి, వాల్వు బాడీ పగలవచ్చు కూడా.

కొన్ని ట్రాక్టర్లలో పంపు నుంచి లిఫ్టుకు నూనె మార్గం ఇనుప పోత లోపలే ఉంటుంది, బయట పైపు కనిపించదు. అటువంటి వాటికి కంపెనీ ఇచ్చే ప్రత్యేక బ్లాకును మాత్రమే వాడాలి. పోతకు రంధ్రం వేయడం తగదు.

ట్రాలీ జాకీకి ఒక పైపు చాలు, దించేటప్పుడు బరువే నూనెను వెనక్కు నెడుతుంది. నాగలికి, బకెట్‌కు ఇరువైపులా పనిచేసే జాకీలు, రెండేసి పైపులు కావాలి.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

లోపలి వ్యాసం 50 మి.మీ. ఉన్న జాకీ వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి వద్ద అది 2,900 కిలోలకు పైగా బలాన్నిస్తుంది. 40 సెం.మీ. చాచుకునేందుకు ముప్పావు లీటరుకు కాస్త ఎక్కువ నూనె పడుతుంది. పంపు నిమిషానికి 15 లీటర్లు ఇస్తే మూడు సెకన్లలో పని ముగుస్తుంది.

ట్రాలీ జాకీ సంగతి వేరు. వ్యాసం 100 మి.మీ., పొడవు ఒక మీటరు ఉంటే దాదాపు 8 లీటర్లు కావాలి. గేరు బాక్సుకూ, హైడ్రాలిక్‌కూ ఒకే సంపు ఉన్న చిన్న ట్రాక్టరులో అన్ని లీటర్లు ఒక్కసారిగా బయటకు పోతే గేర్లకు నూనె అందదు, పంపు గాలి పీలుస్తుంది. అలాంటప్పుడు పీటీవోతో తిరిగే వేరు పంపు, వేరు ట్యాంకు పెట్టుకోవడమే మేలు.

బిగింపులో...

నీటి జీఐ పైపులు, ప్లాస్టిక్‌ గొట్టాలు ఈ ఒత్తిడికి నిలవవు. రెండు పొరల ఉక్కు తీగ అల్లిక ఉన్న హైడ్రాలిక్‌ హోస్‌నే యంత్రంతో క్రింప్‌ చేయించాలి. మరలకు టెఫ్లాన్‌ టేపు చుట్టరాదు. దాని పోగులు వాల్వులో ఇరుక్కుంటాయి. సీలింగ్‌ వాషర్లు, ఓ రింగులు వాడాలి. సంపుకు వెళ్లే పైపు కొస నూనె మట్టానికి దిగువన ఉంటే నురగ రాదు. బిగింపు పూర్తయ్యాక ఇంజినును తక్కువ వేగంతో నడిపి, బరువు లేకుండా జాకీని పలుమార్లు చాచి, ముడిచి గాలిని తొలగించాలి. ఆపై నూనె మట్టం సరిచూడాలి. జాకీ చివరకు చేరిన తర్వాత కూడా లీవరును లాగిపెట్టి ఉంచితే నూనె వేడెక్కుతుంది.

ప్రాణరక్షణ

పైపుకు సన్నని రంధ్రం పడిందేమోనని చేతితో తడిమి చూడటం ప్రమాదకరం. సూది వంటి ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. పైకి గాయం చిన్నదిగా కనిపించినా గంటల వ్యవధిలోనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు, ఆలస్యమైతే వేళ్లో, చేయో కోల్పోయే ప్రమాదముంది. కారుతున్న చోటును అట్టముక్క అడ్డుపెట్టి గుర్తించాలి. పైపు విప్పే ముందు పనిముట్టును నేలకు దించి, ఇంజిను ఆపి, లీవరును ఇరువైపులా కదిపి ఒత్తిడి తీసేయాలి. ఎత్తిన ట్రాలీ కింద పని చేయవలసి వస్తే ఇనుప ఊత పెట్టనిదే దూరరాదు. ముందు బకెట్‌ బిగిస్తే వెనుక తగిన బరువు తప్పనిసరి.

పంపు సామర్థ్యం, రిలీఫ్‌ ఒత్తిడి ట్రాక్టరు పుస్తకంలోనూ, మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్ర సంస్థ పరీక్షా నివేదికల్లోనూ లభిస్తాయి. గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ రైతులకు యంత్రాల నిర్వహణలో శిక్షణ ఇస్తుంది. వారంటీ గడువులో ఉన్న ట్రాక్టరుకు మార్పులు చేస్తే ఆ హామీ పోయే అవకాశం ఉంది కనుక, డీలరు నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకున్నాకే పాన పట్టడం మంచిది.