ప్రకృతి శిబిరాలు - మన హాస్టల్ విద్యార్థులు

"ప్రకృతి అందరిదీ" అని వ్యాసరచన పోటీల్లో మనమందరం రాసినవాళ్లమే. కానీ ప్రకృతి శిబిరాలు, ట్రెక్కింగులు, పక్షుల పరిశీలన యాత్రలు అందరివీ అయ్యాయా? ప్రయత్నమే జరగలేదని అనలేం. ఎం.సి.మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో పర్యావరణం చదువులో తప్పనిసరి అంశమైంది. 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ 'జాతీయ హరిత దళం' పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు ప్రారంభించింది. అయినా మన వసతి గృహాల్లో చాలామందికి పర్యావరణం అంటే జూన్ 5న ఒక మొక్క నాటి ఫొటో దిగడమే. వెనుకబడిన వర్గాల పిల్లలకు నిజంగా అందే ప్రకృతి కార్యక్రమం ఎలా ఉండాలో ఈ వ్యాసంలో చూద్దాం.

అడ్డు ఎక్కడ ఉంది?

"ఈ పిల్లలకు అలాంటి వాటి మీద ఆసక్తి ఉండదు" అని కొందరు తేల్చేస్తారు. ఇది సరికాదు. సెలవుల్లో మేకలు కాసే తమ్ముడికి మేక ఏ ఆకు తింటుందో, ఏది ముట్టదో తెలుసు. అమ్మతో కలుపుకు వెళ్లే చెల్లెలికి ఏ మొక్క కూరకు పనికొస్తుందో తెలుసు. మనకు ప్రకృతి విహారం కాదు, పని. ఆ పనికి పుస్తకంలో చోటు లేదు కాబట్టి అది కూడా చదువేనని మనకే అనిపించదు.

రెండో కారణం చరిత్రలో ఉంది. చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానాన్ని ఆమోదించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరిచింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది గానీ దాడులకు భయపడి ఎవరూ నీళ్లు ముట్టలేకపోయారు. చివరికి 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. ఆ రోజు కూడా మనవాళ్ల మీద దాడి జరిగింది. "ఎవరైనా రావచ్చు" అని రాసినంత మాత్రాన అందరూ రాలేరన్నది మహద్ చెప్పే పాఠం.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక శిబిరం నోటీసు వచ్చింది. రుసుముతో పాటు ట్రెక్కింగ్ బూట్లు, రెయిన్ కోటు, టార్చిలైటు తెచ్చుకోవాలని అందులో ఉంది. కులం మాట ఎక్కడా లేదు. అయినా మా హాస్టల్ నుంచి ఒక్కరూ పేరు ఇవ్వలేదు. బూట్లు లేవని చెప్పుకోలేక అందరూ "ఇష్టం లేదు" అన్నారు. ఆసక్తి లేదనే మాట ఇలాగే పుడుతుంది.

అడ్డు తొలగిస్తే ఏమవుతుంది?

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలోని గిరిజన వ్యవసాయ కూలీ కుటుంబంలో పుట్టింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. వాళ్లను ఒక్కసారిగా మంచుకొండ మీదికి పంపలేదు. ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టించారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలిలో సాధన. బూట్లు, దుస్తులు, తిండి, శిక్షకులు అన్నీ గురుకుల సంస్థ చూసుకుంది. పిల్లలు తీసుకెళ్లింది తమ ధైర్యాన్ని మాత్రమే.

అయితే శిఖరం ఎక్కేది ఇద్దరే. మిగతా వేలాది మంది మాటేమిటి? కొండ ఎక్కలేని పిల్లవాడికి కూడా చోటు ఉన్నప్పుడే అది అందరి కార్యక్రమం అవుతుంది. అందుకు పాటించవలసినవి ఇవి:

1. ఖర్చు పిల్లల మీద పెట్టకూడదు. బస్సు, భోజనం, బూట్లు నిర్వాహకులే ఇవ్వాలి. "లేనివాళ్లు చేతులెత్తండి" అనకుండా అందరికీ ఒకేలా ఇవ్వాలి. పది జతల బూట్లు, రెండు బైనాక్యులర్లు హాస్టల్ ఆస్తిగా ఉంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి.

2. దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. మన ఆవరణలోని వేప, చింత చెట్లు చాలు. 'సీజన్‌వాచ్' అనే కార్యక్రమంలో దేశమంతటా విద్యార్థులు ఒక్కో చెట్టును ఎంచుకుని వారం వారం చిగురు, పూత, కాయ ఎప్పుడొచ్చాయో నమోదు చేస్తున్నారు. 2013 నుంచి మన దేశంలో ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు పక్షుల లెక్కింపు జరుగుతోంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి చూసినవి లెక్కపెడితే చాలు. స్టడీ అవర్‌కు ముందే అయిపోతుంది.

3. పిల్లలకు తెలిసినదానికి గౌరవం ఇవ్వాలి. ముందు వాళ్ల ఊరి పేర్లు - జెముడుకాకి, గిజిగాడు, పాలపిట్ట - రాయించి, తర్వాత శాస్త్రీయ నామం చెప్పాలి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు పాత పంటల విత్తనాలు కాపాడారు. బడికి వెళ్లని ఆ తల్లుల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన అమ్మలు కూడా అతిథి ఉపన్యాసకులు కాగలరు.

4. ఆడపిల్లలను, వికలాంగులను ముందే దృష్టిలో పెట్టుకోవాలి. మహిళా టీచర్ తోడు, మరుగుదొడ్డి, శానిటరీ నాప్‌కిన్లు, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం - ఇవి ఉంటేనే తల్లిదండ్రులు పంపుతారు. నడవలేనివారికి చెరువు కట్ట మీద కూర్చుని చూసే పని ఉండాలి. చూపు లేనివారు కూతను బట్టి పక్షిని గుర్తిస్తారు.

5. భద్రత విషయంలో రాజీ పడకూడదు. నీళ్లలోకి దిగనివ్వరాదు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం చేయకుండా, కదలనివ్వకుండా 108లో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

6. శ్రమదానంతో సరిపెట్టకూడదు. పర్యావరణ దినం రాగానే మన పిల్లల చేతికి చీపురు, గంప ఇస్తారు. తరతరాలుగా ఊరు శుభ్రం చేసే పనికి కట్టివేయబడిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వీళ్లు. వీళ్ల చేతికి మొదట ఇవ్వవలసింది బైనాక్యులర్, నోటుపుస్తకం. శుభ్రం చేసే పని అందరితోపాటు తర్వాత చేద్దాం.

7. ముందుకు దారి చూపాలి. ఒక్కరోజు విహారంతో ఆగకూడదు. ఇంటర్మీడియట్‌తో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చు. దానికి నాలుగు గంటల్లో పురుషులు 25 కి.మీ., మహిళలు 16 కి.మీ. నడవాలి. మనలో చాలామందికి అది కొత్త కాదు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో బి.ఎస్సీ. ఫారెస్ట్రీ ఉంది. సైన్సు డిగ్రీ ఉంటే ఐ.ఎఫ్.ఎస్. పరీక్ష రాయవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అడవి గురించి, చెరువు గురించి నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో మనవాళ్లు ఇంకా కొద్దిమందే. అడవి మీద, చెరువు మీద ఆధారపడి బతికేవాళ్లు మాత్రం ఎక్కువగా మనవాళ్లే. ఈ తేడా పోవాలంటే మనం చూసినది రాసిపెట్టే అలవాటు కావాలి. వార్డెన్ గారిని అడిగి ఈ ఆదివారమే ఒక రిజిస్టరు తెరవండి. మొదటి పేజీలో తేదీ వేసి, ఆవరణలో ఎన్ని చెట్లున్నాయో రాయండి.