గుట్టబాటల పరుగు: పాలకుర్తి, వల్మిడి, బమ్మెర

పరుగనగానే మన విద్యార్థులకు సున్నపుగీతలు గీసిన చదునైన మైదానమును, ఉపాధ్యాయుని ఈలయు, చేతి గడియారమును జ్ఞప్తికి వచ్చును. ఆ పరుగు మంచిదే. కాని పరుగునకు వేరొక తెఱగును కలదు. గుట్టల నడుమ, చెరువుకట్టల మీదుగా, బండ్ల బాటల వెంట, ఊరినుండి ఊరికి సాగెడి పరుగది. ఆంగ్లమున దానిని ట్రెయిల్ రన్నింగ్ అందురు; మేము గుట్టబాటల పరుగనుచున్నాము. ఇందు ప్రక్కవానిని ఓడించుట ముఖ్యము కాదు. కాలిక్రింది నేలను తెలిసికొనుటయే ముఖ్యము.

ఇది ధనవంతుల వేడుక యని కొందఱు తలంపవచ్చును. కాని స్కాట్లాండు దేశమున 1895వ సంవత్సరమున విలియం స్వాన్ అను ఒక క్షురకుడు, ఫోర్ట్ విలియం పట్టణమునుండి బయలుదేరి, బ్రిటను దీవిలోనెల్ల ఎత్తైన బెన్ నెవిస్ పర్వతమునెక్కి, మరల పట్టణమునకు 2 గంటల 41 నిమిషములలో దిగివచ్చెను. ఆ కొండకు గడియారము చూచి పెట్టిన మొదటి పరుగు అదియే. తన ఊరి కొండపై ఒక పనివాడు చేసిన యత్నమునుండియే ఆ పందెము పుట్టినది. మన ఊళ్లకును గుట్టలున్నవి గదా!

పాలకుర్తి ప్రాంతము పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జనగామ జిల్లాలో చేరినది. ఇచ్చటి గుట్టలు దక్కను నల్లఱాతి సంతతి. ఈ శిలలు సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమున కరగిన పదార్థము చల్లారి గట్టిపడగా ఏర్పడినవి. ఎండకు వానకు వాని అంచులు రాలి, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లు నిలిచినవి. రాలిన పొడియే మన కాళ్లక్రింద జాఱు మొరము. కావున మొరముపై కాలు జాఱినపుడు, ఒక పర్వతము నేలయగుచున్న వైనమును మన పాదమే చదివినదనుకొనవచ్చును.

ఈ బాటకు మొదలు పాలకుర్తి గుట్ట. దానిమీది గుహలలో సోమేశ్వరస్వామియు, లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. గుట్టచుట్టు తిరుగలేని ఒక ముదుసలి భక్తురాలికొఱకు కొండయే చీలి దారి యిచ్చెనని స్థానికులు చెప్పుకొందురు. బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును రచించిన పాల్కురికి సోమనాథుని ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన పండితులు మెచ్చిన వృత్తములను విడిచి, జనుల నోట నిలుచు ద్విపదను చేపట్టెను. ద్విపదయనగా రెండు పాదములు గలది. పరుగెత్తు వానికిని ఉన్నవి రెండు పాదములే. అవి సమముగా పడిననే నడక సాగును.

అచ్చటినుండి ఒక దారి వల్మిడికి పోవును. వల్మిడి గుట్టపై రామాలయము కలదు. ఆ ఊరిపేరును వాల్మీకి మహర్షితో ముడివెట్టుట స్థానికుల వాడుక. మరియొక దారి బమ్మెరకు పోవును. భాగవతమును తెనిగించిన పోతన ఇంటిపేరు బమ్మెర. ఆయన పదునైదవ శతాబ్దమువాడు; హలము పట్టి జీవించెనని లోకము నమ్మును. ఆ ఊరి పొలముగట్లపై పరుగెత్తునపుడు, పుస్తకమున చదివిన కవి ఒక పల్లెటూరివాడని విద్యార్థికి తెలిసివచ్చును.

ఈ ఊళ్ల నడుమనున్న పొలములకును చరిత్ర కలదు. పాలకుర్తి చాకలి ఐలమ్మ 1940 దశకమున కౌలుభూమిని సాగుచేయుచుండగా, విసునూరు దేశముఖు ఆ పంటను అపహరింప యత్నించెను. ఆమె వెనుదీయక, సంఘము వారి తోడ్పాటుతో ధాన్యమును ఇంటికి చేర్చుకొనెను. ఆమె 1985లో గతించెను. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది. కావున ఈ బాటలో వరిమడిని త్రొక్కువాడు కేవలము మొక్కలను మాత్రమే త్రొక్కుట లేదు.

ఇక పరుగెత్తు విధమును చెప్పెదము. మొదటి నెల పరుగే వలదు. పెద్దలతో కలిసి దారియంతయు నడచి, మలుపులను, నీటి వసతిని, ప్రతి ఊరి నడిమి దూరమును వ్రాసికొనవలెను. ఎక్కునపుడు అడుగులు చిన్నవిగా వేయవలెను. ప్రక్కవానితో ఒక వాక్యము తడబడక పలుకలేనంత రొప్పు వచ్చినచో నడువవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు. పేరుపొందిన కొండపరుగువారును నిటారు ఎక్కుళ్లలో నడుతురు.

దిగుట సులభమని పిల్లలు భ్రమింతురు. నిజమునకు దెబ్బలు తగులునది దిగునపుడే. దిగునపుడు తొడ ముందరి కండరములు సాగుచునే శరీరభారమును ఆపవలసియుండును. అందుచేతనే మఱునాడును, మూడవనాడును తొడలు నొచ్చును. మోకాళ్లను కొంచెము వంచి, వెనుకకు వాలక, నాలుగైదు అడుగుల ముందు చూపు నిలిపి దిగవలెను. వానకు తడిసిన పాచిబండపై పరుగు తగదు. ఱాళ్ల సందులలో చేయి పెట్టరాదు, పాములుండును. తేనెపట్టు కనబడినచో చప్పుడు చేయక తొలగిపోవలెను. ఱాయి కొట్టు క్వారీలవైపు ఎన్నడును పోరాదు.

కార్తీకమునుండి మాఘమువరకు ఈ పరుగునకు అనువైన కాలము. వేసవిలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. అపుడు తెల్లవారుజామున నడకయే చాలును. చెమటతో నీరేగాక ఉప్పును పోవును గనుక ఉప్పువేసిన పలుచని మజ్జిగ మేలు. తోడివానికి తలనొప్పి, వాంతి, తడబడు మాట కనబడినచో అది బద్ధకమని గద్దింపరాదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరుచు, 108కి వార్త పంపవలెను. ఎవ్వరును ఒంటరిగా పోరాదు. పోవు దారియు, వచ్చు వేళయు ఇంట చెప్పియే బయలుదేరవలెను.

మర్యాదయు ఈ విద్యలో భాగమే. కోతలకాలమున రైతులు రోడ్డుపై వడ్లు ఆరబోయుదురు. వానిని చుట్టుకొని పోవలెను. పూజాస్థలము ఏ మతమువారిదైనను అచ్చట పరుగాపి నడువవలెను. బండలపై పేర్లు చెక్కరాదు. ఎదురైన పెద్దలను పలుకరించిన, పుస్తకములలో లేని సంగతులు ఎన్నియో తెలియును.

తలిదండ్రులకు ఒక మాట. కుమారులను పంపి కొమార్తెలను ఇంట నిలుపుట మేము తఱచుగ చూచుచున్నాము. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన జీవంజి దీప్తి బుద్ధివికాసమున వెనుకబాటుతో పుట్టి, బాల్యమున ఇరుగుపొరుగు ఎగతాళికి గురియైనది. ఆమె 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున 400 మీటరులను 55.07 సెకనులలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డును స్థాపించెను. అదే యేడు పారిస్ పారాలింపిక్సులో కంచుపతకము గెలిచెను. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, భువనగిరి బండపై ఎక్కుట నేర్చి, 2014లో పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరమును చేరెను. ఈ బాలికలకు తొలుత దొరికినది బంగారు మైదానము కాదు. తమ ప్రాంతపు నేలయు, పోనిచ్చిన ఇంటివారును.

తుదకు అసలు సంగతి. కాలిబాటకు పట్టాలేదు, నడచు పాదములే దాని పట్టా. నడచువారు లేనినాడు ముండ్లకంపయు, కంచెయు దానిని మూయును. గుట్టను ఎఱిగినవారు లేనినాడు అది కంకరగా మాఱినను అడుగువారుండరు. ఒక తరము పిల్లలు ఈ బాటలను మఱచినచో, తరువాతి తరమునకు మఱచుటకైనను బాటలుండవు. కావున విద్యార్థులారా, రానున్న చలికాలమున నలుగురేసి జట్లుగా, ఒక పెద్దను తోడుగొని, మీ ఊరి గుట్టకొక దారిని నడచి దాని పటమును గీయుడు. ఎక్కడ నీరు, ఎక్కడ నీడ, ఎక్కడ బాట మూయబడినది అందు గుర్తింపుడు. పరుగు పిమ్మట వచ్చును. బాట మిగిలియుండుట ముందు కావలెను.